తూర్పు హద్దున పరదేశి

ముప్పై ఏళ్లకు పైగా నంద్యాలలో దస్తావేజులు రాసి బతికినవాణ్ణి నేను. రిజిస్ట్రారు ఆఫీసు ఎదురుగా రేకుల పందిరి కింద ఒక బల్ల, రెండు కుర్చీలు, అదీ నా సామ్రాజ్యం. భూమి అమ్మేవాళ్లు, కొనేవాళ్లు, అన్నదమ్ముల మధ్య పంచుకునేవాళ్లు వచ్చి కూర్చుంటే నేను మొదట అడిగేది ఒకటే. మీ నాయన పేరేమిటి, ఆయన నాయన పేరేమిటి, ఏ ఊరు. ఎవరైనా తాత పేరు దగ్గర తడబడితే నాకు ఒళ్లు మండేది. "తాత పేరు తెలీదు గానీ తాత చేను అమ్మేదానికి మాత్రం వచ్చినావా" అని నలుగురి ముందరే అనేసేవాణ్ణి. నా నోరు మంచిది కాదని ఆ వీధిలో అందరికీ తెలుసు. రాత బాగుంటుంది కాబట్టి భరించేవాళ్లు.

ఆ నోటికి తాళం వేసింది మా నాయన. మంచం పట్టిన చివరి రోజుల్లో ఒక పొద్దున నేను గంజి తాగిస్తుంటే గ్లాసు పక్కకు నెట్టి అడిగాడు.

"ఊర్లో వాళ్లందరి వంశాలూ రాసినావు గదా. మా జేజినాయన యాడ్నుంచి వచ్చినాడో చెప్పు."

"నాకేం తెలుసు నాయనా? నువ్వే చెప్పల్ల."

"నాకు తెలిస్తే నిన్నెందుకు అడుగుతా?"

కనుక్కుంటానని మాటిచ్చాను. ఆయన తల ఊపి మిగిలిన గంజి తాగాడు. నా మాట మీద ఆయనకున్న నమ్మకం నాకే లేదు. నెల తిరక్కుండా ఆయన పోయాడు. ఇచ్చిన మాట మాత్రం నా దగ్గరే ఉండిపోయింది.

మేము తెలుగు ముసల్మానులం. దూది ఏకడం, పరుపులు, బొంతలు కుట్టడం మా వాళ్ల పని. ఇంట్లో మాట్లాడేది తెలుగే. నమాజుకు కావలసిన ఖురాను సూరాలు నోటికి వస్తాయి కానీ అరబ్బీ అక్షరం గానీ ఉర్దూ అక్షరం గానీ చదవగలిగినవాళ్లు మా ఇంట్లో తరతరాలుగా ఎవరూ లేరు. తర్వాత జరిగినదంతా దీనివల్లే కాబట్టి ముందే చెబుతున్నాను.

మా నాయన జేజినాయన, అంటే నా ముత్తాత, ఎక్కడి నుంచో వచ్చాడన్నది మాత్రమే అందరికీ తెలుసు. పేరు తెలుసు, ఊరు తెలీదు. మా పెద్దనాయన ఒకాయన బాగ్దాదు నుంచి అని చెప్పేవాడు. పెళ్లిళ్లలో జనం ఎక్కువైతే మక్కా నుంచి అనేవాడు. ఇంకొకాయన ఆర్కాటు నవాబు కొలువులో ఉండేవాడన్నాడు. దూది ఏకే మనిషికి నవాబు కొలువులో ఏం పని అని నేనడిగితే, నవాబుకు పరుపు అక్కర్లేదా అని నన్నే కసిరాడు.

నాకు కథలు పనికిరావు. కాగితం కావాలి. మా ఇంటి రేకుపెట్టె దించి నాయన బడి సర్టిఫికెట్టు నుంచి తాత ఇంటిస్థలం పట్టా దాకా అన్నీ నేల మీద పరిచాను. అన్నీ తాత దగ్గరే ఆగిపోయాయి. తాతకు పైన ఒక్క ముక్క లేదు. ఊళ్లో ఒకరి గుట్టు కూడా నా దగ్గర దాగేది కాదు, నా ముత్తాత మాత్రం నాకు దొరకలేదు.

దొరికింది నేను వెతుకుతున్నప్పుడు కాదు. రుద్రవరం దగ్గర ఒక పల్లె నుంచి ఒక పెద్ద రైతు కొడుకులకు పొలం పంచడానికి నా దగ్గరికి వచ్చాడు. డెబ్బై దాటినవాడు, తెల్లటి మీసాలు. పాత దస్తావేజుల మూట ఒకటి తెచ్చాడు. అందులో అడుగున ఉన్నది ఆయన ముత్తాత నాటిది. మామూలుగానే చెక్కుబందీ దగ్గరికి పోయాను. చెక్కుబందీ అంటే భూమికి నాలుగు దిక్కులా హద్దులు రాసే చోటు. ఉత్తరాన వంక, పడమర బండ్ల దారి, దక్షిణాన ఎవరిదో చేను. తూర్పున ఇలా ఉంది: పరదేశి, దూది ఏకేవాడు, ఫలానా, వుండే కొట్టం. ఫలానా అన్నచోట రాసి ఉన్నది నా ముత్తాత పేరు.

ఎన్ని వేల హద్దులు రాశానో నాకే తెలీదు. వాటిలో ఉన్న పేర్లను ఏనాడూ మనుషులుగా చూడలేదు. హద్దంటే హద్దు, అంతే. సొంతానికి జానెడు నేల లేని మా మనిషి ఇంకొకరి పొలానికి తూర్పు హద్దుగా కాగితంలోకి ఎక్కాడు. కలం కింద పెట్టేశాను.

"ఏందప్పా, తప్పుందా దాంట్లో?" అన్నాడు రైతు కంగారుగా.

"తప్పు లేదన్నా. ఈ తూర్పు పక్క ఆయన మా ముత్తాత."

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "దూదోళ్ల తావు మీదా? ఇప్పుడు గూడా మేము దాన్ని అట్లనే అంటాం గదా," అన్నాడు.

ఆ ఆదివారమే ఆయన వెంట పోయాను. నల్లమల కొండలు దగ్గరగా కనిపించే నల్లరేగడి చేను. తూర్పు వైపు చేను పక్కన పాతిక అడుగుల ఖాళీ జాగా, కంపచెట్లు, రెండు గుంజలు. కొట్టం ఎప్పుడో పోయింది. ఆ జాగాను ఎవరూ దున్నలేదు. ఎందుకని అడిగితే ఆయనకు కారణం తెలీదు. "మా నాయన దున్నలేదు, నేనూ దున్నలేదు," అన్నాడు.

గట్టు మీద కూర్చొని ఆయన వాళ్ల తాత చెప్పిన సంగతి చెప్పాడు. కరువు సంవత్సరం ఒకటి, దూది ఏకే విల్లు భుజాన వేసుకొని ఒక కుర్రవాడు నడుచుకుంటూ వచ్చాడట. ఆ ఇంటి ముసలమ్మ అతనికి జొన్నసంగటి పెట్టి, చేను పక్కన కొట్టం వేసుకోమందట. పత్తి వచ్చే కాలంలో ఆ చుట్టుపక్కల పల్లెల దూదంతా అతనే ఏకేవాడు. ఏ ఊరు నీదంటే నవ్వి ఊరుకునేవాడు.

"మెళ్లో ఒక కాయితం కట్టుకోనుండేవాడంట. చుట్ట చుట్టి, తాడుకు. ఎవురినీ ముట్టుకోనిచ్చేవాడు కాదంట," అన్నాడు చివర్లో.

ఆ కాగితం ఎక్కడుందో నాకు తెలుసు. చిన్నప్పటి నుంచి దానికి మొక్కుతూ పెరిగినవాణ్ణి.

మా నాయనకు అక్క ఒకామె ఉంది. ఎనభై ఐదు దాటినాయి. ఆళ్లగడ్డలో ఉంటుంది. పెళ్లయిన రెండో ఏడే భర్త పోయాడు, పిల్లల్లేరు. బొంతలు కుట్టి బతికింది. మా అమ్మ జబ్బుతో ఉన్న రోజుల్లో నన్ను ఆరేళ్లు పెంచింది ఆమే. నేను బడికి పోయినా, రాయడం నేర్చుకున్నా, ఇవాళ నాలుగు మెతుకులు తింటున్నా ఆమె సూది చలవ. ఈ మాట ఆమెతో అంటే "ఏందిరా నీ కావ్యం" అంటుంది కాబట్టి ఎప్పుడూ అనలేదు.

ఆమె ఇంట్లో గోడకు ఆకుపచ్చ గుడ్డలో చుట్టిన ఇత్తడి గొట్టం ఒకటి వేలాడుతుంటుంది. మా ముత్తాత మెడలో ఉండిన కాగితం అందులో ఉంది. ఆయన పోయాక ఆయన భార్య, అంటే మా అత్తకు జేజి, దాన్ని గొట్టంలో పెట్టించి, తర్వాత మా అత్తకు ఇచ్చింది. అది ఖురానులోని సూరా అని చెప్పింది. తెరవొద్దు, తెరిస్తే బలం పోతుందని కూడా చెప్పింది. మా అత్త డెబ్బై ఏళ్లుగా ప్రతి బేస్తవారం మధ్యాహ్నం నమాజు చేసుకొని దానికి సాంబ్రాణి వేస్తుంది, కళ్లకద్దుకుంటుంది. మొగుడు పోయిన రోజూ, కలరా వచ్చిన ఏడాదీ, ఒంటరిగా ఉన్న అన్ని సంవత్సరాలూ అదే తనను నిలబెట్టిందని నమ్ముతుంది. వీధిలో ఏ పిల్లకు జ్వరమొచ్చినా తల్లులు ఎత్తుకొని వస్తారు. హిందువులు వస్తారు, మావాళ్లు వస్తారు, ఎదురుగా విగ్రహాలు చెక్కే షెడ్ల నుంచి కూడా వస్తారు. ఆమె గొట్టం తీసి పిల్ల తల మీద పెడుతుంది. పైసా తీసుకోదు. నాకు జ్వరమొచ్చినప్పుడల్లా ఆ చల్లటి ఇత్తడి నా నుదుటి మీద ఉండేది.

నాకు ఊరు పేరు కావాలంటే ఆ కాగితం తెరవాలి. తెరిస్తే, దాంట్లో సూరా కాక ఇంకేదైనా ఉంటే, ఆమెకు ఏం మిగులుతుంది? ఇది నాకు ముందే తోచింది. తోచినా ఆగలేకపోయాను. అడిగాను.

"తెరిచే మాట నా ముందర ఎత్తొద్దు," అంది.

మళ్లీ నెలకు పోయి ఇంకోసారి అడిగాను. వినపడనట్టు సూదిలో దారం ఎక్కించుకుంది. ఆమెకు చెవులు బాగానే వినపడతాయి.

అప్పుడు నేను చేయకూడని పని చేశాను. నమాజుకు ముందు కాళ్లూ చేతులూ కడుక్కొని వజూ చేసుకోవడానికి ఆమె పెరట్లోకి పోయినప్పుడు గొట్టం దించి మూత తిప్పబోయాను. మూత బిగుసుకుపోయి ఉంది. పళ్లతో పట్టుకొని తిప్పుతూ తలెత్తితే ఆమె పెరటి గుమ్మంలో నిలబడి ఉంది, చేతుల నుంచి నీళ్లు కారుతున్నాయి.

"సదువుకున్నోనివి గదప్పా. దొంగతనం యాడ నేర్చుకున్న్యావు?"

అరవై దగ్గరపడిన మనిషిని, పలక పగలగొట్టిన పిల్లవాడిలా నిలబడ్డాను. ఆమె గొట్టం తీసుకొని కొంగుతో తుడిచి మళ్లీ గోడకు తగిలించింది. అన్నం మాత్రం పెట్టింది. ఆ తర్వాత నాలుగు నెలలు ఆమె నాతో మాట్లాడలేదు. ఆ నాలుగు నెలలూ నాకు కూడు రుచించలేదు.

చివరికి మా అత్తే పక్కింటివాళ్ల ఫోను నుంచి పిలిచింది. "బేస్తవారం రా. తలకు పోసుకొని రా." అంతే, పెట్టేసింది.

పోయాను. ఆమె చాప పరిచి కూర్చొని ఉంది, గొట్టం ఒళ్లో ఉంది.

"నేనింక ఎన్నాళ్లుంటానో. దీన్ని ఎవురి చేతిలోనన్నా పెట్టి పోవల్ల. తీసుకునేవాళ్లు యా సూరానో తెలిసి సదువుకోవద్దూ? నాకు మా జేజి చెప్పలా. నాకే తెలీంది ఎట్ల అప్పగిస్తా?" అంది. "కనుక్కోని రా. కాయితం మాత్రం ఇల్లు దాటగూడదు."

నూనె వేసి మూత తిప్పాం. కాగితం గోధుమరంగుకు తిరిగి, మడతల దగ్గర చిల్లులు పడి ఉంది. ఆమె బిస్మిల్లా అనుకుంటూ కళ్లు మూసుకుంది. నేను చాప మీద పరిచి ఫోనుతో ఫొటో తీశాను. చదవడం రాకపోయినా కాగితాలతో బతికినవాణ్ణి. పదకొండు వరుసలు, కింద స్థలం చాలక అంచు వెంబడి నిలువుగా ఇంకో రెండు వరుసలు. దేవుని మాటను ఎవరూ అంచున ఇరికించి రాయరు. అలా రాసేది ఉత్తరాల్లోనే. ఆమె కళ్లు తెరిచి నా ముఖం చూసింది. నేను కాగితం చుట్టి గొట్టంలో పెట్టేశాను.

నంద్యాలలో పాత మసీదు సందులో ఉర్దూ పంతులుగా చేసి రిటైరైన పెద్దాయన ఒకరున్నారు. ఒకప్పుడు నా బల్ల దగ్గరికి వచ్చి, నేను రాసిన తన వీలునామాలో తప్పులు దిద్ది పోయిన మనిషి. ఫోను చేతికిస్తే వేళ్లతో పెద్దది చేసుకుంటూ, పెదవులు కదుపుతూ రెండుసార్లు చదివారు. తర్వాత కళ్లద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నారు. అద్దాలకు దుమ్మేమీ లేదు.

"ఇది ఖురాను కాదప్పా. ఖతు. కొడుక్కు తల్లి రాయించిన ఉత్తరం."

ఆయన ఒక్కొక్క మాటా తెలుగులో చెప్పారు, నేను నా దస్తూరీలో రాసుకున్నాను. రాయచూరు అన్న మాట స్పష్టంగా ఉంది. దాని పక్కన పల్లె పేరు రాసిన చోట సరిగ్గా మడత చిల్లు. ఆయన ఎంత చూసినా అక్కడ అక్షరం లేదు. అంతమంది దగ్గర అడుక్కొని, నాలుగు నెలలు అలక భరించి, చివరికి నా ముత్తాత ఊరు ఒక చిల్లులో పోయింది. మామూలుగా అయితే నేను ఎవరినో ఒకరిని తిట్టేవాణ్ణి. ఆ రోజు తిట్టడానికి నోరు రాలేదు.

లేవబోతుంటే ఆయన నా మోచెయ్యి పట్టుకున్నారు. "ఆ ముసలామెకు ఇది దువా, దీవెన అని చెప్పు. అబద్ధమేం కాదు."

ఆళ్లగడ్డ బస్సులో కిటికీ పక్కన కూర్చొని అదే ఆలోచించాను. దువా అంటే సరిపోతుంది. ఆమె సంతోషంగా సాంబ్రాణి వేసుకుంటుంది, వీధి పిల్లల జ్వరాలు తగ్గుతాయి, నా అత్త నా అత్తగానే ఉంటుంది. కాని నా పని ఒకటుంది. చదువు రానివాళ్లు వేలిముద్ర వేసేముందు దస్తావేజులో ఉన్నది ఉన్నట్టు చదివి వినిపించాలి. వినిపించామని చివర్న రాయాలి కూడా. నోటిదురుసు మనిషినే కాని, ఆ ఒక్క పనిలో ఎప్పుడూ ఒక మాట మింగలేదు, ఒక మాట కలపలేదు. వేలిముద్ర వేసేవాళ్లు నన్ను నమ్ముకొనే కదా వేసేది. మా అత్త కూడా వేలిముద్రే వేస్తుంది. బస్సు దిగేసరికి ఏం చేయాలో తెలిసింది.

ఆమె గుమ్మంలోనే ఎదురుచూస్తోంది. నా చేతికి నీళ్లచెంబు ఇచ్చి, చాప మీద కూర్చొని, గొట్టం ఒళ్లో పెట్టుకుంది.

"యా సూరా?"

"సూరా కాదత్తా."

ఆకుపచ్చ గుడ్డ సవరిస్తున్న చెయ్యి ఆగిపోయింది. ఎదుటి షెడ్లో ఉలి దెబ్బలు వినిపిస్తున్నాయి.

"మరేంది?"

"ఉత్తరం. మీ జేజినాయనకు వాళ్లమ్మ రాయించింది."

ఆమె ముఖంలో రక్తం లేదు. డెబ్బై ఏళ్లు ఆనుకున్న గోడను నేను తోసేశాననిపించింది. ఎందుకొచ్చానురా దేవుడా అనుకున్నాను. ఆమె గొట్టాన్ని రెండు చేతులతో పట్టుకుంది.

"సదువు."

చదివాను. ఒక మాట మింగలేదు, ఒక మాట కలపలేదు.

"నా కొడుక్కు తల్లి దువా. చెప్పేది నేను, రాసేది మసీదు ముల్లా. నువ్వు రుద్రవరం దిక్కున దూది ఏకుతున్నావని బండ్లవాళ్లు చెప్పినారు. వాళ్ల చేతికే ఇది ఇస్తున్నాను. ఇక్కడ వానలు పడినాయి. నీ తమ్ముడు బతికినాడు. చిన్నది బతకలేదు. చెప్పకుండా పోయినావని నాకు కోపం లేదు. నీ కంచంలో కూడు వాళ్లకు మిగలాలనే పోయినావని నాకు తెలుసు. రమ్మని పిలవడం లేదు. అన్నం దొరికే చోటే ఉండు. నీకు రాయడం రాదు, నాకూ రాదు. తెల్లకాగితం ఒకటి మడిచి పంపు, చాలు. నీ చేతులు తాకిన కాగితమని నాకు తెలుస్తుంది."

అంచున నిలువుగా ఉన్న రెండు వరుసలు ఇవి: "అక్కడ నీకు అన్నం పెట్టినవాళ్లు ఎవరైనా సరే, వాళ్లకు నా సలాం చెప్పు."

నాకు లోపల ఉడుకుతూ ఉంది. "తెల్లకాయితం అడిగింది అత్తా ఆయమ్మ. అది గూడా పంపకుండా మెళ్లో కట్టుకొని తిరిగినాడు. ఏం మనిషి?" అన్నాను.

"నోరు మూయి," అంది. ఆ గొంతు విని నా ప్రాణం కుదుటపడింది, అది మా అత్త గొంతే. "ఆ పల్లెలో ఎవురు సదివి చెప్పింటారు ఆయప్పకు? మీయమ్మ పంపిందని బండ్లోళ్లు చెప్పింటారు. అంతమటుకు తెలిసింటాది. లోపల ఏం చావు మాట ఉందో అని సదివించేదానికి భయపడింటాడు. పారేసేదానికి మనసొప్పక మెళ్లో కట్టుకున్న్యాడు. ఇంకేం చేస్తాడు?"

నేను చదవడం వచ్చినవాళ్ల తెలివితో ఆలోచించాను. రానివాళ్ల భయం ఆమెకు తెలుసు.

ఇంతలో వాకిట్లో చెప్పుల చప్పుడైంది. విగ్రహాల షెడ్లో పనిచేసే అతని భార్య, చంకలో రెండేళ్ల పిల్ల. "అవ్వా, పొద్దున్నించి కాలిపోతాంది. జర పెట్టవ్వా," అంది. నేను మా అత్త వైపు చూశాను. ఆమె ఒళ్లో ఉన్న గొట్టం వైపు చూసుకుంది. ఒక్క నిమిషం. తర్వాత బిస్మిల్లా అని, ఎప్పటిలాగే గొట్టం తీసి పిల్ల నుదుటి మీద పెట్టింది. రెండో చేత్తో పిల్ల వీపు నిమిరింది. "డాక్టరు కాడికి గూడా తీసుకపో," అని చెప్పి పంపింది.

వాళ్లు పోయాక నా వైపు తిరిగి, "తల్లి మాటే గదప్పా. పిల్లోళ్లకు దాంతో మేలు గాక కీడు జరుగుతాదా?" అంది. నేను ఆమె పాదాలు పట్టుకున్నాను. జీవితంలో మొదటిసారి ఆమె నన్ను వద్దనలేదు.

"ముందు పోయి ఆ సలాము చెప్పి రా," అంది. "ఎప్పటి సలామో అది."

మర్నాడే రుద్రవరం దిక్కు పోయాను. రైతు వసారాలో నులకమంచం మీద పడుకొని ఉన్నాడు. ఉత్తరం సంగతి చెప్పి, అంచున ఉన్న మాట చదివాను. ఆయన లేచి నిలబడ్డాడు. భుజం మీది తువ్వాలు తీసి తలకు చుట్టుకొని, రెండు చేతులూ జోడించాడు.

"సంగటి పెట్టినాయమ్మ లేదు. ఆయమ్మ తరపున నేను తీసుకుంటా," అన్నాడు. తర్వాత నన్ను కూర్చోబెట్టి అన్నం తినేదాకా కదలనివ్వలేదు. తింటుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి. కారం ఎక్కువైందా అని అడిగారు ఆ ఇంటి ఆడవాళ్లు, అవునన్నాను. ఎవరో తెలియని కుర్రవాడికి ఈ ఇంట్లో ఒకరు సంగటి పెట్టకపోయి ఉంటే నేను లేను, నా పిల్లలు లేరు. ఆ కృతజ్ఞత ఎలా చెప్పాలో నాకు తెలీలేదు. ఇంకొంచెం అన్నం పెట్టమని అడిగాను.

అట్నుంచి అటే ఆళ్లగడ్డకు పోయి మా అత్తకు జరిగింది చెప్పాను. ఆయన తువ్వాలు చుట్టుకొని నిలబడిన సంగతి ఆమె రెండుసార్లు చెప్పించుకుంది. తర్వాత, "జవాబు పోలేదప్పా," అంది. "పోయింటే ఇంకో ఉత్తరం వచ్చిండేది. మా జేజి నాకిచ్చింది ఇదొక్కటే."

"అవునత్తా."

"నీ సంచిలో తెల్లకాయితం ఉందా?"

నా దగ్గర కాగితానికి కరువేముంది. గీతలున్నది ఒకటి తీస్తే వద్దంది. గీతల్లేనిది తీసి ఇచ్చాను. ఆమె దాన్ని రెండు అరచేతుల మధ్య పెట్టుకొని కూర్చుంది. అరవై ఏళ్లు సూది పట్టిన వేళ్లు అవి, కొసలు బండబారి ఉంటాయి. కళ్లు మూసుకొని, ఏమీ చదవకుండా, ఏమీ అనకుండా అలా ఎంతసేపు ఉందో నేను లెక్కపెట్టలేదు.

"ఆయమ్మ ఊరు పేరు చిల్లులో పోయిందంటివి," అంది కళ్లు తెరిచి. "పోస్టుతో పనిలే. నేను పోయినప్పుడు గోరీలో నా కాడ పెట్టండి. నేనే ఇస్తా."

ఆమె కాగితం నా వైపు చాచింది.

"ముందు నువ్వు పట్టుకో. రెండు చేతులతో. ఆయమ్మ అడిగింది కొడుకు చెయ్యి."

నేను పట్టుకున్నాను.